చెరుకు లేని చక్కెర రాజు
(సిరికొండలో చేసిన స్మారక ఉపన్యాసం పూర్తి పాఠం)

ఇందూరు జిల్లాలో చక్కెర గురించి మాట్లాడబోయే మనిషికి ఒక చిక్కు ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ సంగతి వక్తకన్నా ఎక్కువ తెలుసు. అందుకని ఈ ఉపన్యాసానికి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ చరిత్రను కాకుండా, బోధన్ నుంచి చూస్తే బాగా అర్థమయ్యే ఒక దూరదేశపు వర్తకుడి జీవితాన్ని తీసుకున్నాను. ఆయన పేరు రాబర్ట్ క్వోక్. 1923 అక్టోబరులో మలయా దక్షిణపు కొసన జొహోర్ బారులో, చైనాలోని ఫూజియాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. నూరేళ్లు దాటిన మనిషి. మలేసియాలో అందరికన్నా సంపన్నుడిగా ఏళ్ల తరబడి ఆయన పేరే వినిపించింది. పత్రికలు ఆయనను ఆసియా చక్కెర రాజు అన్నాయి. షాంగ్రీలా హోటళ్లు ఆయనవి. మన వంటిళ్లలోని ఫార్చ్యూన్ నూనె ప్యాకెట్ వెనక కూడా ఆ వంశం నీడ ఉంది. 1999లో అదానీలతో కలిసి ఆ నూనె వ్యాపారం మొదలుపెట్టిన విల్మర్ కంపెనీని సింగపూర్‌లో నెలకొల్పినవారిలో ఒకరు ఈయనకు సోదరుడి వరసయ్యే బంధువు కొడుకు. అంటే మనం ఆ ఇంటి సరుకు కొంటూనే ఉన్నాం, పేరు తెలియకపోయినా.

క్వోక్ మీద వాదం వచ్చినప్పుడల్లా జనం రెండు పక్షాలుగా చీలిపోతారు. ప్రతిభతో పైకొచ్చాడని ఒక పక్షం. ప్రభుత్వ ప్రాపకంతో పైకొచ్చాడని రెండో పక్షం. రెండు పక్షాలకూ కావలసినన్ని రుజువులు దొరుకుతాయి, అందుకే ఆ తగువు తెగదు. నాకు కనిపించే సంగతి వేరు. చక్కెర వ్యాపారంలో ధర పడిపోవడం, వాన రాకపోవడం, సర్కారు మనసు మారడం అనే నష్టాలు ఎప్పుడూ ఉంటాయి. అవి ఎవరి నెత్తిన పడతాయన్నదే ఆ వ్యాపారంలో అసలు లెక్క. క్వోక్ గొప్పతనమూ ఆయన మీద ఉన్న ఆక్షేపణా రెండూ అక్కడే కలుస్తాయి. నష్టం వచ్చే చోటు నుంచి ముందుగా పక్కకు జరగగలిగే స్థానాన్ని ఆయన జీవితాంతం కాపాడుకున్నారు. ఆ స్థానం చెరుకు రైతుకు ఎన్నడూ లేదు, బోధన్ ఫ్యాక్టరీ ఉన్న షక్కర్‌నగర్ కార్మికుడికి ఎన్నడూ లేదు.

ముందు మనిషిని చూద్దాం. తండ్రిది బియ్యం, చక్కెర, పిండి అమ్మే దుకాణం. కొడుకు సింగపూర్ రాఫెల్స్ కాలేజీలో చేరాడో లేదో జపాన్ సైన్యం వచ్చిపడింది. ఆక్రమణ కాలంలో ఆయన జొహోర్‌లో మిత్సుబిషి సంస్థ బియ్యం విభాగంలో పనిచేశారు. తిండిగింజల రవాణా, నిల్వ, పంపకం ఒక సైనిక ప్రభుత్వం చేతిలో ఎలా నడుస్తాయో అక్కడ దగ్గరగా చూశారు. 1948 చివర తండ్రి పోయారు. 1949లో తల్లి చెప్పుచేతల్లో అన్నదమ్ములు, బంధువులు కలిసి క్వోక్ బ్రదర్స్ అనే కంపెనీ పెట్టారు. ఆ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు మూడు దారులు పట్టారు. పెద్దాయన ఫిలిప్ తరువాతి కాలంలో మలేసియా రాయబారి అయ్యారు. రెండో అన్న విలియం మలయా కమ్యూనిస్టు పార్టీలో చేరి అడవికి వెళ్లి 1953లో బ్రిటిష్ సైన్యం చేతిలో చనిపోయారు. చిన్నవాడు వ్యాపారి. తెలంగాణలో ఈ కథ కొత్తగా అనిపించదు. 1940లలో ఇక్కడి భూస్వామ్య కుటుంబాల్లోనూ ఒకరు దళంలో, ఒకరు ఉద్యోగంలో ఉన్న ఇళ్లు ఉన్నాయి. విలియం మరణం క్వోక్‌ను రాజకీయాలకు దూరంగా నెట్టిందని చెప్పడం తేలిక. కానీ ఆ తరువాతి బతుకు చూస్తే ఆయన రాజకీయాలకు దూరం జరగలేదు, ఏ ఒక్క రాజకీయానికీ కట్టుబడకుండా ఉన్నారంతే.

1950లలో లండన్ వెళ్లి అక్కడి చక్కెర దళారుల మధ్య ఆ వ్యాపారం నేర్చుకున్నారు. ప్రపంచంలో చక్కెర ధర పొలంలో కాదు, లండన్, న్యూయార్క్ ఎక్స్ఛేంజీల్లో పుడుతుందన్న ఎరుక ఆయనకు అప్పుడే కలిగింది. 1959లో జపాన్ భాగస్వాములతో మలయన్ షుగర్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ పెట్టి, పెనాంగ్ ఎదుట ప్రాయ్‌లో శుద్ధి కర్మాగారం కట్టారు. ఇక్కడ మన రైతు గమనించాల్సిన సంగతి ఉంది. అది చెరుకు ఆడే ఫ్యాక్టరీ కాదు. ఓడల్లో వచ్చిన ముడి చక్కెరను తెల్లగా మార్చే రిఫైనరీ. దానికి క్రషింగ్ సీజన్ లేదు, కటింగ్ ఆర్డర్ లేదు, గేటు ముందు బండ్ల వరుస లేదు. ఒక దేశంలో పంట దెబ్బతింటే ఓడ ఇంకో రేవుకు మళ్లుతుంది. 1960ల మొదట్లో ఆయన భారతదేశం నుంచి చవకగా చక్కెర కొని పెట్టుకున్నారు. అంతలో క్యూబా పంట పడిపోయింది, యూరప్ బీటు పంట పాడైంది. పౌనుకు రెండు మూడు సెంట్లు ఉన్న ధర 1963లో పది సెంట్లు దాటింది. ఆ ఒక్క ఎగుడుతో క్వోక్ పేరు లండన్‌లో మోగింది. మన దేశపు చెరుకు రైతులు పండించిన చక్కెరే అది. వాళ్లకు అందింది మాత్రం పాత ధరే. ఇందులో మోసం లేదు. కొనేవాడికి ప్రపంచం తెలుసు, అమ్మేవాడికి తన గేటు మాత్రమే తెలుసు.

తరువాత ఆయన చెరుకు తోట కూడా పెట్టారు, 1968లో, థాయిలాండ్ సరిహద్దున పెర్లిస్ రాష్ట్రంలోని చుపింగ్‌లో. ప్రభుత్వ భూసంస్థ ఫెల్డా కూడా ఆ పనిలో పాలుపంచుకుంది. కానీ మలేసియా తినే చక్కెరలో ఆ తోటల వాటా కొద్దిపాటిదే. ఎక్కువ భాగం దిగుమతి ముడి చక్కెరే. ఒక దశలో ఆ దేశపు చక్కెర బజారులో నూటికి 80 వంతులు క్వోక్ చేతిలో ఉన్నాయని అంచనా. అంత పెద్ద రాజ్యానికి చెరుకు గడ దాదాపు అవసరం లేకపోయింది. బోధన్ వైపు తిరిగి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మంజీరా మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటికి తగిన పంట కావాలి, ఆ పంటకు తగిన ఫ్యాక్టరీ కావాలి అన్న క్రమంలో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. వేల ఎకరాల సొంత పొలాలతో, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఫ్యాక్టరీ. దాని వేళ్లన్నీ నేలలోనే ఉన్నాయి. కాలువ, పొలం, రైతు, గానుగ, క్వార్టర్స్, బడి అన్నీ ఒకేచోట. నేలలో అంతగా పాతుకున్న సంస్థకు బలం ఎక్కువే, కానీ ధర తలకిందులైన రోజున అది తప్పుకునే చోటు లేదు.

ఇప్పుడు ప్రాపకం మాట. మలేసియాలో చక్కెర దిగుమతికి పర్మిట్ కావాలి, చిల్లర ధరకు ప్రభుత్వం పరిమితి పెడుతుంది. అలాంటి బజారులో పర్మిట్ ఉన్నవాడికి పోటీ ఉండదు. ఆగ్నేయాసియా కుబేరుల సంపదలో ఎక్కువ భాగం ఇలాంటి సర్కారీ గుత్తల నుంచే వచ్చిందని, ప్రపంచ బజారులో గెలిచే తయారీ పరిశ్రమను వాళ్లు కట్టలేదని జో స్టడ్‌వెల్ 2007లో ‘ఏషియన్ గాడ్‌ఫాదర్స్’ పుస్తకంలో వాదించారు. ఆ వాదనలో నిజం చాలా ఉంది. అయితే దాన్ని ఆగ్నేయాసియా జబ్బుగా మాత్రమే చూస్తే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం జావా చక్కెర మీద రక్షణ సుంకం వేసేదాకా మన దేశంలో మిల్లులు ముప్పైకి అటూ ఇటూగానే. ఆ గోడ లేచాక కొద్ది ఏళ్లలోనే అవి నూరు దాటాయి. బోధన్ ఫ్యాక్టరీ పుట్టింది కూడా ఆ దశాబ్దంలోనే, నిజాం ప్రభుత్వపు పెట్టుబడితో. రిజర్వు ఏరియా అనే నిబంధనతో ఒక ఊరి చెరుకు ఫలానా ఫ్యాక్టరీకే వెళ్లాలని కట్టడి చేసిందీ సర్కారే. సర్కారు గోడ లేని చక్కెర ప్రపంచంలో అరుదు. కనుక ప్రాపకం పొందాడా లేదా అని క్వోక్‌ను అడగడం వల్ల లాభం లేదు. ఆ గోడ లోపల సంపాదించినవాడు గోడ కూలే రోజున ఎక్కడ ఉన్నాడన్నది అడగాలి.

దీనికి ఆయనకన్నా ముందటి మరో చక్కెర రాజు కథ పనికొస్తుంది. జావాలోని సెమరాంగ్ నగరంలో 1866లో పుట్టిన ఓయి తియోంగ్ హామ్ డచ్చి ప్రభుత్వం నుంచి నల్లమందు గుత్త తీసుకుని, ఆ డబ్బుతో ఐదు చక్కెర మిల్లులు సంపాదించారు. పన్నులు, వారసత్వ చట్టాలు నచ్చక చివరి రోజుల్లో సింగపూర్ వెళ్లి 1924లో అక్కడే చనిపోయారు. మనిషి కదిలాడు, మిల్లులు కదలలేదు. 1961లో విదేశీ మారక చట్టాల ఉల్లంఘన నేరం కింద ఇండోనేసియా ప్రభుత్వం ఆ దేశంలోని ఆయన వారసుల ఆస్తులన్నీ జప్తు చేసి ప్రభుత్వ సంస్థగా మార్చేసింది. క్వోక్ భారతదేశపు చక్కెర మీద కన్నేసిన కాలమూ సరిగ్గా అదే. ఆ జప్తు గురించి ఆగ్నేయాసియాలోని ఏ చైనీయ వ్యాపారీ వినకుండా ఉండలేదు. ఆస్తిని ఒకే జెండా కింద పెట్టకూడదన్న జాగ్రత్త క్వోక్ జీవితంలో తరువాత అడుగడుగునా కనిపించడానికి అది ఒక కారణం అయి ఉండాలని నా ఊహ.

1969 మే అల్లర్ల తరువాత మలేసియా కొత్త ఆర్థిక విధానం తెచ్చింది. కంపెనీల్లో మలయ్ జాతీయులకు 30 శాతం వాటా లక్ష్యం. క్వోక్ దాన్ని సూటిగానే విమర్శించారు. ప్రధాని హుసేన్ ఓన్‌కు దారి మార్చమని చెప్పి చూశానని 2017లో అచ్చయిన ఆత్మకథలో రాసుకున్నారు. 1970ల మధ్యలోనే ఆయన తన కేంద్రాన్ని హాంకాంగ్‌కు మార్చేశారు. 1973లో విదేశీ మారకం కొరతలో ఉన్న చైనాకు లక్షల టన్నుల చక్కెర గుట్టుగా కొనిపెట్టిన సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 1971లో సింగపూర్‌లో మొదలైన షాంగ్రీలా హోటళ్లు తరువాత చైనా నగరాలకు పాకాయి. 1993లో రూపర్ట్ మర్డోక్ కంపెనీ నుంచి సౌత్ చైనా మార్నింగ్ పోస్ట్ పత్రికలో పెద్ద వాటా కొన్నారు. ఆయన మీద నాకు సర్దుకోలేని ఆక్షేపణ ఇక్కడుంది. 1995లో చైనా పాలకులను ఎగతాళి చేసే బొమ్మల శీర్షిక ఆ పత్రికలోంచి మాయమైంది. 2000లో హాంకాంగ్ ధనికుల బీజింగ్ యాత్ర మీద విల్లీ లామ్ రాసిన వ్యాసాన్ని క్వోక్ స్వయంగా ఉత్తరం రాసి ఖండించారు. ఆ ఏడాదే లామ్ చైనా వార్తల సంపాదకత్వం పోయి పత్రిక వదిలారు. ఖర్చు తగ్గింపు కోసమే బొమ్మలు ఆపామని యాజమాన్యం చెప్పింది. కావచ్చు. కానీ చక్కెరలో నష్టం నుంచి పక్కకు జరగడం వ్యాపార నేర్పు అయితే, వార్తలో ప్రభువు కోపం నుంచి పక్కకు జరగడం వేరే పని. ఆ నష్టం పాఠకుడి మీద పడుతుంది. పాఠకుడికి అది పడ్డట్టు కూడా తెలియదు. పత్రికను 2015 చివర్లో అలీబాబాకు అమ్మేశారు.

2018 ఎన్నికల ముందు మలేసియాలో పెద్ద దుమారం లేచింది. ప్రతిపక్షానికి క్వోక్ డబ్బిస్తున్నాడని ఒక రాతగాడు ఆరోపించాడు. ఆయన కాదన్నారు, దావా వేస్తానన్నారు. బియ్యం, చక్కెర దిగుమతుల తాళంచెవి ప్రభుత్వం ఇవ్వబట్టే ఇంతవాడయ్యాడని ప్రధాని నజీబ్ అన్నారు. ఒక మంత్రి పౌరసత్వం వదులుకొమ్మని సవాలు చేశాడు. ఆ మేలో నజీబ్ కూటమే ఓడింది. గెలిచి ప్రధాని అయిన మహాతిర్ కొత్త ప్రభుత్వపు ఐదుగురు సలహాదారుల్లో ఒకరిగా 94 ఏళ్ల క్వోక్‌ను పిలిచారు. ఇందులో రెండు సంగతులు కలగాపులగమయ్యాయి. పర్మిట్ల మీద అడగవలసిన ప్రశ్న న్యాయమైనదే. దానికి చైనీయుడన్న ముద్ర తగిలించగానే ప్రశ్న చచ్చిపోయి ద్వేషం మిగిలింది. కులం పేరుతోనో ప్రాంతం పేరుతోనో పెట్టుబడిదారును తిట్టడం ఇక్కడ మనకూ అలవాటే. అలా తిట్టినప్పుడల్లా ఒప్పంద పత్రంలో ఏముందో చదివే పని వెనకబడిపోతుంది.

నజీబ్ మాటకు అసలైన జవాబు అంతకు తొమ్మిదేళ్ల ముందే వచ్చింది. 2009లో క్వోక్ కంపెనీ తన చక్కెర వ్యాపారమంతా, రిఫైనరీలు, చుపింగ్ భూములతో సహా, ఫెల్డా గ్లోబల్ అనే ప్రభుత్వ సంబంధ సంస్థకు సుమారు 129 కోట్ల రింగిట్లకు అమ్మేసింది. యాభై ఏళ్ల చక్కెర రాజు గద్దె దిగడానికి రొక్కం పుచ్చుకున్నారు. ఆ తరువాత అక్కడ చెరుకు పోయి రబ్బరు వచ్చింది. 2013లో ప్రభుత్వం చక్కెర సబ్సిడీ ఎత్తేసింది, గరిష్ఠ ధర మాత్రం ఉంచింది. జొహోర్‌లో భారీ ఖర్చుతో కొత్త రిఫైనరీ కట్టిన ఆ సంస్థ 2019లో పెద్ద నష్టం చూపింది. 2020లో పెర్లిస్ రిఫైనరీ మూతపడింది. పర్మిట్ ఉంది, బజారు ఉంది, సర్కారు అండ ఉంది, లాభం లేదు. ప్రాపకమే సర్వస్వం అన్నవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. ప్రతిభే సర్వస్వం అన్నవాళ్లు, అంత నేర్పరి ఆ ఏడాదే ఎందుకు అమ్మాడో చెప్పాలి. నాకు తోచే జవాబు ఒక్కటే. గోడ లోపలి లాభాల కాలం అయిపోవచ్చిందని ఆయనకు తెలిసింది, కదలడానికి ఆయన కాళ్లకు బంధం లేదు.

ఇప్పుడు బోధన్. మలేసియాలో ప్రైవేటు నుంచి సర్కారుకు వెళ్లింది. ఇక్కడ ఏడేళ్ల ముందే సర్కారు నుంచి ప్రైవేటుకు వెళ్లింది. 2002లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలో 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చి 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. నిజాం దక్కన్ షుగర్స్ అన్న పేరు వచ్చింది. ఆ అమ్మకాన్ని తరువాతి శాసనసభా సంఘం తప్పుపట్టింది. 2015 డిసెంబరులో మూడు యూనిట్లకూ లే ఆఫ్ ప్రకటించారు. తరువాత ఆ సంస్థ దివాలా విచారణ కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరింది. రెండు దేశాల్లో రెండు దిక్కులకు యాజమాన్యం మారింది, రెండు చోట్లా గానుగ ఆగింది. యజమాని ఎవరన్నదే సమస్య అయితే ఒక చోటైనా మేలు జరగాలి కదా. అమ్మకం చెడ్డదా, స్వాధీనం మంచిదా అని ఇరవై ఏళ్లుగా మనం చేస్తున్న చర్చ సగం చర్చే. దిగిపోయేటప్పుడు ఎవరికి ఏం బాకీ పడతాడన్న షరతు ఆ చర్చలో ఎప్పుడూ చివరి పేజీలోనే ఉండిపోయింది.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. రైతు కూడా కదిలాడు కదా, చెరుకు మానేసి వరి వేశాడు, బాగానే ఉన్నాడు కదా అని. ఇందూరులో వరి, పసుపు, మక్క, సోయా పెరిగిన మాట నిజం. సిరికొండలో కూర్చుని దాన్ని కాదనలేం. కానీ చెరుకు మొక్క తోటకు దాదాపు ఏడాది పడుతుంది, దాని మీద కార్శి పంట రెండు మూడేళ్లు తీస్తేనే విత్తనం ఖర్చు గిట్టుతుంది. ఫ్యాక్టరీ ఆగుతుందని కబురు వచ్చేసరికి పొలంలో గడ నిలబడే ఉంటుంది. నరికాక ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే బరువు తగ్గుతుంది, రికవరీ తగ్గుతుంది. అడ్లూర్ ఎల్లారెడ్డి ఫ్యాక్టరీకో మాగి ఫ్యాక్టరీకో లారీ కట్టి పంపితే రవాణా ఎవరిది? క్వోక్ ఓడ రేవు మార్చినప్పుడు ఆ ఖర్చు ధరలో కలిసిపోయింది. ఇక్కడ లారీ కిరాయి రైతు చేతి నుంచి పోతుంది. కార్మికుడి సంగతి ఇంకా కష్టం. నలభై అయిదేళ్ల వయసులో పాన్ మీద చక్కెర మరిగించడం తెలిసినవాడికి వరి పొలం జవాబు కాదు. వరిలోకి కదలగలిగినవాళ్లు కూడా సర్కారు కొనుగోలు అనే మరో గోడ నీడలోకే కదిలారు. ఆ గోడ కదిలిన రోజున ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పలేదు.

ఇంకో ఆక్షేపణ: వ్యాపారి నష్టం తప్పించుకోవడం నేరమా, అందరూ మునిగితే ఎవరికి లాభం? నేరం కాదు. క్వోక్ కొన్న ధరకు కొన్నారు, అమ్మిన ధరకు అమ్మారు. అయితే గుత్త ఇచ్చేది ప్రజల సర్కారు. ఇచ్చే రోజునే, వెళ్లిపోయే రోజు లెక్క రాయించుకోవలసింది ఆ సర్కారే. మన దేశంలో 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి, లేకపోతే 15 శాతం వడ్డీ. కాగితం మీద ఇది స్పష్టమైన హక్కు. ఆచరణలో బకాయిలు సీజన్ల తరబడి పేరుకుంటాయి, ఎందుకంటే ఆ డబ్బుకు ముందుగా ఎక్కడా జామీను ఉండదు. దివాలా వస్తే బ్యాంకుకు తనఖా ఉంటుంది, రైతుకు రసీదు ఉంటుంది.

బోధన్ ఫ్యాక్టరీని తిరిగి తెరిపిస్తామని ఎన్నికల ముందు ప్రతి పార్టీ చెప్పింది. 2024 మొదట్లో కొత్త ప్రభుత్వం దీని మీద ఒక కమిటీ కూడా వేసింది. తెరిచేది సర్కారయినా, ప్రైవేటు కంపెనీ అయినా, సహకార సంఘమయినా ఆ ఒప్పందంలో నేను మొదట వెతికే పేరాలు మూడున్నాయి. క్రషింగ్ మొదలయ్యే ముందే ఒక సీజన్ చెరుకు డబ్బు, మూడు నెలల జీతాలు కంపెనీ ముట్టుకోలేని ఖాతాలో పెట్టాలన్నది ఒకటి. గానుగ ఆపాలంటే పొలంలో ఉన్న మొక్క తోట, కార్శి తోట రెండూ ఆడేదాకా ఆపకూడదన్నది రెండోది, ఆపితే వేరే ఫ్యాక్టరీకి రవాణా ఖర్చు కంపెనీదే. మూడోది భూముల సంగతి: ఫ్యాక్టరీ పొలాలు, క్వార్టర్స్ స్థలాలు చక్కెరకు కాక వేరే లాభానికి మళ్లితే అందులో మొదటి వాటా బకాయిదారులకు. వీటికి ఒప్పుకుని ఎవరూ పెట్టుబడి పెట్టరని వెంటనే అంటారు. ఒప్పుకోకపోతే, బోధన్‌లో పెట్టుబడి పెట్టబోయేది వాళ్లు కాదు, రైతులూ కార్మికులూ అన్న లెక్క ముందే తేలుతుంది. అప్పుడు బేరం ఆ లెక్క మీద కూర్చుని చేయవచ్చు.